గుర్రాలతో రిటైరయ్యేవారూ, పన్ను లేని రాష్ట్రమని తొందరపడకండి

అమెరికాలో పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు ఉద్యోగం చేసి రిటైర్మెంట్ గడపలో నిలబడ్డ తెలుగు కుటుంబాలకు ఈ మాట. ముఖ్యంగా ఒకటో రెండో గుర్రాలున్నవాళ్లకు. అమ్మాయి చిన్నప్పుడు రైడింగ్ నేర్చుకుంటానంటే గుర్రాన్ని కొనిచ్చారు. అమ్మాయి కాలేజీకి వెళ్లింది, ఉద్యోగంలో చేరింది, గుర్రం మీకు మిగిలింది. ఇన్నేళ్లలో దాని మీద మీకూ మమకారం పెరిగింది. ఇప్పుడు న్యూజెర్సీ ఇల్లో, బే ఏరియా ఇల్లో అమ్మేసి, ఎక్కడైనా పది పదిహేను ఎకరాలు కొనుక్కుని, గుర్రాన్ని కళ్లెదుటే ఉంచుకుని బతుకుదామనుకుంటున్నారు. చక్కటి కోరిక. ఆ కోరికను ఒకే ఒక్క మాట పాడుచేస్తోంది. ఆ మాట, “అక్కడ స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు.”

ఆ మాట నిజమే. టెక్సాస్, ఫ్లోరిడా, టెనెసీ, వాషింగ్టన్‌తో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. జీతమే ఆగిపోయాక ఆ లాభం మీకెంత? పెన్సిల్వేనియా, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు ఆదాయపు పన్ను వేస్తూనే, మామూలుగా రిటైరయ్యాక తీసుకునే పెన్షన్‌నీ, 401కె డబ్బునీ, సోషల్ సెక్యూరిటీనీ వదిలేస్తాయి. ఫెడరల్ పన్ను ఎక్కడికెళ్లినా ఒకటే. ఉద్యోగం చేసే రోజుల్లో రాష్ట్ర పన్ను పెద్ద విషయం. రిటైరయ్యాక మిమ్మల్ని కుంగదీసేది వేరే చోట ఉంటుంది. అది భూమి పన్నులో ఉంటుంది, ఇన్సూరెన్స్‌లో ఉంటుంది, గడ్డి లోడులో ఉంటుంది.

టెక్సాస్ సంగతి ముందు చెప్తాను, మనవాళ్లు ఎక్కువగా చూసేది అదే కాబట్టి. ఫ్రిస్కో, ప్రాస్పర్ దాటి ఉత్తరానికి వెళ్తే ఆబ్రీ, పైలట్ పాయింట్ ప్రాంతమంతా గుర్రాల ఫారాలే. అక్కడ ఒక స్థలం చూస్తారు. ఏజెంటు పోయినేటి టాక్స్ బిల్లు చూపిస్తాడు. భూమి మీద పన్ను నామమాత్రం. “ఇంత తక్కువా!” అని సంబరపడతారు. దయచేసి అక్కడ ఆగండి. ఆ బిల్లు అమ్మేవాడిది, మీది కాదు. ఆయన ఆ పొలంలో ఆవులు మేపుతుండొచ్చు, గడ్డి కోసి అమ్ముతుండొచ్చు. అందుకని కౌంటీ ఆ భూమికి మార్కెట్ ధర కట్టలేదు, పంట దిగుబడిని బట్టి విలువ కట్టింది. మీరు ఆవుల్ని పంపేసి, మీ రెండు సవారీ గుర్రాల్ని తెచ్చి వదిలితే ఆ విలువ నిలవదు. టెక్సాస్‌లో గుర్రపు పిల్లల్ని పెంచి అమ్మే బ్రీడింగ్ వ్యవసాయం కిందకు రావొచ్చు. సరదాగా స్వారీ చేసే గుర్రాలు రావు. ట్రైనింగ్, షోలు కూడా రావు.

తేడా ఎంతో ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇంటి స్థలం కాక పదిహేను ఎకరాలు, మార్కెట్ విలువ 4,50,000 డాలర్లు అనుకోండి. అన్ని పన్నులూ కలిపి రేటు నూటికి 1.8 అనుకోండి. మినహాయింపులు పక్కన పెడితే ఏడాదికి 8,100 డాలర్లు. అదే భూమికి వ్యవసాయపు లెక్కన ఎకరాకు 150 డాలర్ల విలువే కడితే పన్ను ఏడాదికి 40 డాలర్ల చిల్లర. నలభైకీ ఎనిమిది వేలకూ మధ్య ఉన్నది ఒక దరఖాస్తు, నాలుగు ఆవులు! పైగా ఆ భూమిని వ్యవసాయం నుంచి వేరే వాడకానికి మళ్లిస్తే గడిచిన మూడేళ్ల తేడాను కూడా రోల్‌బ్యాక్ టాక్స్ పేరుతో కట్టమంటారు. మన ఉదాహరణలో అది 24,000 డాలర్లు దాటుతుంది. అప్పటికి మీ జీతం ఆగిపోయి ఉంటుంది. అరవై అయిదు నిండితే ఇంటి మీద స్కూల్ పన్ను పెరగకుండా ఆపించుకునే వీలుంది, అది తప్పకుండా అడగండి. కానీ అది ఇంటికీ, ఇంటి వాడకంలో ఉన్న స్థలానికే. పొలమంతటికీ వర్తిస్తుందని ఊహించుకోకండి.

ఫ్లోరిడాలో ఇదే ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. ఒకాలా చుట్టుపక్కల మేరియన్ కౌంటీ గుర్రాలకు పెట్టింది పేరు. నేలలో సున్నపురాయి, పచ్చిక బాగుంటుంది, 2021లో తెరిచిన వరల్డ్ ఈక్వెస్ట్రియన్ సెంటర్‌తో ఆ ఊరి పేరు ఇంకా మోగిపోయింది. అక్కడ సొంతంగా ఉండే ఇంటి పన్ను విలువ ఏడాదికి 3 శాతానికి మించి పెరగకూడదని రాజ్యాంగ రక్షణ ఉంది. ఆ రక్షణ ఉండేది అప్పటికే ఆ ఇంట్లో ఉంటున్నవాడికి. ఇల్లు చేతులు మారగానే మరుసటి జనవరి 1 నుంచి విలువ మార్కెట్ ధరకు ఎగబాకుతుంది. ఇరవయ్యేళ్లుగా అక్కడున్న పెద్దాయన కట్టే పన్ను చూసి మీ బడ్జెట్ వేసుకుంటే మొదటి ఏడాదే చిత్తవుతారు. భూమికి వ్యవసాయపు గుర్తింపు కావాలంటే అక్కడ నిజమైన వ్యాపార వ్యవసాయం ఉండాలి. దరఖాస్తు మార్చి 1 లోపు పడాలి. ఇక ఇన్సూరెన్స్. తుఫాన్ల దెబ్బకు కొన్ని కంపెనీలు చేతులెత్తేశాయి, కొన్ని రాష్ట్రం వదిలి వెళ్లాయి. ఇంటికి, షెడ్డుకు, కంచెకు వేర్వేరుగా కొటేషన్ చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

టెనెసీ గురించి రెండే మాటలు. జీతం మీద పన్ను లేదు, కానీ అమ్మకపు పన్ను చాలాచోట్ల 9.75 శాతం దాకా వెళ్తుంది, కిరాణా సరుకుల మీద కూడా పన్నుంది. భూమికి వ్యవసాయపు రాయితీ కావాలంటే సాధారణంగా 15 ఎకరాలు ఉండాలి. పన్నెండెకరాల అందమైన పొలం కొని, ఆ తర్వాత ఈ సంగతి తెలుసుకోకండి.

సియాటిల్ వైపు స్థిరపడ్డవాళ్లు పిల్లలకు ఏం మిగులుతుందో కూడా చూసుకోవాలి. వాషింగ్టన్‌లో జీతంపై పన్ను లేకపోయినా, చనిపోయాక ఆస్తి మీద ఎస్టేట్ టాక్స్ ఉంది. పక్కనున్న ఆరెగాన్‌లో అమ్మకపు పన్ను లేదని సంతోషించేలోపే, అక్కడ ఎస్టేట్ టాక్స్ 10 లక్షల డాలర్లకే మొదలవుతుందని గుర్తుంచుకోండి. ఇల్లు, భూమి, 401కె కలిస్తే మన కుటుంబాలు చాలావరకు ఆ గీత దాటతాయి.

కాలిఫోర్నియా వాళ్లకు ఇంకొక మాట. ముందు టెక్సాస్ వెళ్లిపోయి, ఆ తర్వాత ఇక్కడి ఇల్లు అమ్మితే రాష్ట్ర పన్ను తప్పుతుందని కొందరు నమ్ముతున్నారు. తప్పదు. ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే దాని లాభం మీద ఆ రాష్ట్రానికి హక్కుంటుంది. ఫెడరల్ లెక్కలో భార్యాభర్తలకు 5,00,000 డాలర్ల లాభం దాకా మినహాయింపు ఉంది, దాని పైది ఆదాయమే. ఆ ఆదాయం రెండేళ్ల తర్వాత మీ మెడికేర్ ప్రీమియంను పెంచుతుంది. ప్రీమియం పెరిగిందని ఉత్తరం వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో అర్థంకాక బెంబేలెత్తే పెద్దవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఎవరైనా స్నేహితుడు “గుర్రాల ఫారం పెట్టు, నష్టాలన్నీ టాక్స్‌లో రాసేసుకో” అని చెప్తే ఆ మాట వినకండి. గుర్రాల వ్యాపారంలో ఏడేళ్లలో రెండేళ్లు లాభం చూపితే అది వ్యాపారమేనన్న అనుకూలత మీకుంటుంది. లేకపోతే ఐఆర్ఎస్ దాన్ని హాబీ అనే వీలుంది. హాబీ అన్నాక వచ్చిన ఆదాయం మీద పన్ను కట్టాలి, ఖర్చులు మాత్రం తగ్గించుకోలేరు.

ఇప్పుడు గుర్రం కడుపు సంగతి. మీ లెక్కల్లో దానికి ఇచ్చిన చోటు చాలా తక్కువ, అందుకే గట్టిగా చెప్తున్నాను. 450 కిలోల గుర్రానికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి కావాలి. ఏడాదికి మూడు టన్నులు అనుకోండి. రెండు గుర్రాలకు ఆరు. వాన పడే చోట ఒక్కో గుర్రానికి రెండెకరాల పచ్చిక ఉంటే ఎండాకాలమంతా కొంత గడ్డి కలిసొస్తుంది. అరిజోనాలో, నెవాడాలో ఎన్ని ఎకరాలున్నా నీళ్లు పెట్టకుండా పచ్చిక రాదు, సంవత్సరం పొడుగునా గడ్డి కొనాల్సిందే. భూమి చవక అని వెళ్లినచోట గడ్డి ఖరీదు ఆ చవకను మింగేస్తుంది. 2011లో టెక్సాస్ కరువు చూడండి. గడ్డి దూరపు రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చింది, ధర మండిపోయింది, మేపలేక ఎందరో గుర్రాల్ని వదులుకున్నారు. వాళ్లంతా గుర్రాల్ని ప్రేమించినవాళ్లే.

నీళ్ల విషయంలో కొలరాడో వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. 35 ఎకరాల లోపు స్థలాల్లో చాలా బావులకు ఇంటి లోపలి వాడకానికి మాత్రమే అనుమతి ఉంటుంది. ఆ నీళ్లు గుర్రానికి పెట్టకూడదు. ఇల్లుంది, షెడ్డుంది, బోరుంది, గుర్రం ముందు బకెట్ పెట్టే హక్కు మాత్రం లేదు! రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగే జంతువుకు ట్యాంకర్ తెప్పించుకుంటూ ఎన్నేళ్లు గడుపుతారు? బావి పర్మిట్ కాగితం అడిగి చదవండి. అమ్మేవాడి నోటిమాట చాలదు.

ఖర్చులు అక్కడితో ఆగవు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఫారియర్ వచ్చి గిట్టలు చెక్కాలి, అవసరమైతే నాడాలు కొట్టాలి. పళ్లు అరగదీయించాలి, టీకాలు వేయించాలి. ఒక్క గుర్రం రోజుకు 20 కిలోలకు పైగా పేడ వేస్తుంది, కొన్ని కౌంటీల్లో దాన్ని ఎత్తించడానికి కూడా మీరే డబ్బివ్వాలి. ఇవన్నీ మీరిప్పుడు బోర్డింగ్ బిల్లులో కలిపి ఇస్తున్నారు కాబట్టి విడిగా కనపడటం లేదు. సొంత పొలానికి మారాక ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చి తలుపు తడుతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది డాక్టర్ దూరం. అమెరికాలో కొత్తగా పట్టా పుచ్చుకునే పశువైద్యుల్లో నేరుగా గుర్రాల వైద్యంలోకి వచ్చేవాళ్లు నూటికి ఇద్దరు కూడా ఉండరు. వచ్చినవాళ్లలో సగంమంది అయిదేళ్లలో మానేస్తున్నారని వాళ్ల సంఘమే చెప్తోంది. అర్ధరాత్రి గుర్రం మేత ముట్టదు. పొట్టకేసి తిరిగి తిరిగి చూస్తుంది. కాలితో నేల గీరుతుంది, పడుకుంటుంది, దొర్లుతుంది, మళ్లీ లేస్తుంది. చిగుళ్లు పాలిపోతాయి. అది కోలిక్. గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి. దగ్గరి ఆసుపత్రి మూడు గంటల దూరంలో ఉంటే, ట్రెయిలర్ లాగే బండి మీ దగ్గర లేకపోతే, ఆ గంటలు రోడ్డు మీదే అయిపోతాయి. ఆపరేషన్ అంటే 10,000 డాలర్లు దాటడం మామూలు.

ముసలి గుర్రాన్ని వేడి ప్రాంతానికి తీసుకెళ్లేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఫ్లోరిడాలో, గల్ఫ్ తీరంలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడం ఆగిపోతుంది. ఎండలో ఒళ్లు పొడిగా ఉండి, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంటే అది అలసట అనుకుని వదిలేయకండి, వెంటనే నీడకు తెచ్చి నీళ్లు పోసి డాక్టర్‌ని పిలవండి. వేసవి వచ్చినా బొచ్చు రాలకుండా పొడుగ్గా ఉండిపోతే కుషింగ్స్ అనే జబ్బు ఉందేమో ముందే పరీక్ష చేయించండి. దాని మందు రోజూ వేయాలి, జీవితాంతం. టెక్సాస్, ఓక్లహోమా, కాన్సాస్ వైపు అల్ఫాల్ఫా కొంటే బ్లిస్టర్ పురుగులు లేని కోతేనా అని అడగండి. చచ్చిన పురుగైనా విషమే. ప్రయాణానికి ముందు కాగిన్స్ పరీక్ష, హెల్త్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి, లేకపోతే రాష్ట్రం సరిహద్దులోనే చిక్కు.

2024లో టెక్సాస్ పాన్‌హాండిల్‌లో స్మోక్‌హౌస్ క్రీక్ మంట పది లక్షల ఎకరాలు దాటి కాల్చింది. అలాంటి రోజున గుర్రాల్ని ఎక్కించుకుని బయటపడే దారి మీ పొలానికి ఒకటే ఉందా, రెండున్నాయా? చూసే రోజే చూసుకోండి.

మీ ఒంటి సంగతి కూడా ఆలోచించండి. గుర్రం ముప్ఫయ్యేళ్లు బతకగలదు. మీకు డెబ్బై అయిదు వచ్చేసరికి గడ్డి బేలు ఎవరు ఎత్తుతారు? మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు కౌంటీని బట్టి మారతాయి, పల్లెటూరి కౌంటీల్లో ఎంపిక తక్కువ. తుంటి విరిగి వారం రోజులు ఆసుపత్రిలో ఉంటే గుర్రాలకు మేత వేసేదెవరో పేరు చెప్పగలగాలి. పిల్లలు సియాటిల్‌లో, ఎడిసన్‌లో ఉంటారు, ఆ రాత్రికి రాలేరు.

కాబట్టి మిమ్మల్ని వేడుకుంటున్నాను. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి అక్కడికెళ్లి ఉండి చూడండి. వీలైతే ఏడాది అద్దెకుండి, గుర్రాన్ని అక్కడే బోర్డింగ్‌లో పెట్టండి. ఇప్పటికే స్థలం నచ్చి సంతకానికి సిద్ధమైతే, రేపు ఉదయం కౌంటీ అప్రైజల్ ఆఫీసుకు ఫోన్ చేసి పార్సెల్ నంబరు చెప్పండి. “అమ్మకం అయ్యాక, రెండు సవారీ గుర్రాలు మాత్రమే ఉంటే, నా పన్ను ఎంత?” అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. టెక్సాస్‌లో అయితే కొంత రుసుము కట్టి ఆప్షన్ పీరియడ్ పెట్టించుకోవచ్చు, ఆ రోజుల్లో ఏ కారణమూ చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు. కౌంటీ జవాబు, ఇన్సూరెన్స్ కొటేషన్, బావి పర్మిట్ మూడూ చేతికొచ్చేంత గడువు అందులో ఉండేలా చూసుకోండి. ఏజెంటు తొందరపెట్టినా తగ్గించకండి.