విషవాగు చెంత వన్నె వెదకుట ద్రోహమా?

పటాన్‌చెరువు పారిశ్రామికవాడలో ఫోటో తీయదగిన దేమున్నదని పలువురు ప్రశ్నింతురు. అందము వలసినవారు మంజీరాతీరమునకు పోయి మొసళ్లను, కొంగలను చూచుకొనవచ్చునని కొందఱందురు. మఱికొందఱు, విషము పాఱిన నేలపై సౌందర్యమును వెదకుట బాధితులయెడ ద్రోహమనియు, అట్టి పటములు కాలుష్యమునకు మేలిముసుగు లగుననియు వాదింతురు. మొదటి మాట ఉపేక్షింపదగినది. రెండవది కరుణనుండి పుట్టినది గనుకనే దానిని శ్రద్ధతో ఖండింపవలసియున్నది.

విషము సత్యము. ఇచటి కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలయ్యెను. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇచటి కర్మాగారముల ఉమ్మడి మురుగునీటి శుద్ధికేంద్రము విడుచు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాములవఱకు కలదని ప్రకటించిరి. ఈ సంఖ్యలను మఱవరాదు. కాని సంఖ్య నష్టమెంతయో చెప్పును; నష్టమైన దేదో చెప్పజాలదు. ఇచట పాఱు నక్కవాగు నీరు తేటగా నుండిన ఉదయమును ప్రేమతో చూచినవాడే దానిపై నురుగు తేలిననాడు ఉలికిపడును. ఎన్నడును చూడనివానికి నురుగునకును నీటికిని భేదము తోపదు.

భాద్రపదము ముగియువేళకు ప్రహరీగోడల వెంట గునుగు, తంగేడు విరియబూయును. రాత్రి షిఫ్టు ముగించుకొని ఒకచేత టిఫిన్ డబ్బాయు, ఒకచేత బిడ్డ బతుకమ్మకై కోసిన తంగేటికొమ్మయు పట్టుకొని ఇస్నాపూరు చౌరస్తాలో బస్సుకై నిలిచిన యొక కార్మికుని, అతని సమ్మతితో, నా సెల్‌ఫోనుతో పటము తీసితిని. అందు పొగగొట్టమును కలదు, పూవును కలదు. ఒకటి రెండవదానిని కప్పలేదు. పైపెచ్చు, ఆ పూలు ఏ చెరువులో నిమజ్జనమగునో, ఆ నీటి గతి యేమో యను ప్రశ్న ఆ పటమును చూచినప్పుడెల్ల నన్ను వేధించుచున్నది.

బతుకమ్మలను, పల్లెయిండ్ల తలుపులను, తెలంగాణ నిత్యజీవనమును దశాబ్దములపాటు చిత్రించిన ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ 2022లో కీర్తిశేషుడయ్యెను. పల్లెల రూపు మాఱుచున్నకొలది ఆయన పటములు అలంకారములు గాక సాక్ష్యములగుచున్నవి. తాము పోగొట్టుకొన్నదానిని ఎఱిగినవారే దానిని తిరిగి ఇమ్మని నిలదీయగలరు.

కావున పటాన్‌చెరువు, సంగారెడ్డి వాసులారా, మీ వాకిటి ముగ్గును, అద్దెగది కిటికీపై పడు ప్రాతఃకాలపు వెలుగును, చెరువుగట్టును సంకోచింపక పటము తీయుడు. తేదీయు, ఊరిపేరును వ్రాసి దాచుడు.