అడీనియంకి జీవామృతం ఎన్ని రోజులకోసారి పోయాలి?

అడీనియం, అదే మనం ఎడారి గులాబీ అనే మొక్క మీద వీడియో పెట్టిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "అన్నా, దీనికి జీవామృతం ఎన్ని రోజులకోసారి పోయాలి?" నా జవాబు చాలామందికి నచ్చదు. బాగా తగ్గించండి. వానాకాలంలో అసలు పోయకండి.

డిప్లొమా చదివి వచ్చినవాణ్ణే, అయినా దెబ్బ తిన్నాకే నాకిది అర్థమైంది. నర్సరీ పెట్టిన రెండో ఏడాది వంగకి, టమాటాకి చేసినట్టే దీనికీ చేశాను. కుండీల నిండా కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, వారం వారం జీవామృతం. ఆకులు నిగనిగలాడుతుంటే మురిసిపోయాను. జూలైలో ముసురు పట్టింది. మొదలు నొక్కి చూస్తే కుళ్లిన ఉల్లిగడ్డలా మెత్తగా ఉంది. 40 కుండీల్లో 30కి పైగా పోయాయి.

అడీనియం పుట్టిల్లు ఆఫ్రికా, అరేబియాల్లోని ఎండు నేలలు. ఆ లావుపాటి మొదలే దాని నీళ్ల ట్యాంకు. నిండిన ట్యాంకులో మళ్లీ పోస్తే ఏమవుతుంది?

ఇప్పుడు నేను చేసేది ఇదీ. ముతక ఇసుక 2 పాళ్లు, ఎర్రమట్టి 1 పాలు, బాగా మాగిన పశువుల ఎరువు 1 పాలు, గుప్పెడు వేపపిండి. కుండీ అడుగున రంధ్రాలు తప్పనిసరి. రోజుకి 6 గంటల ఎండ ఉండాలి. వేలు పెట్టి చూసి, మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు. పెరట్లో నేల మీద పెడితే ఎత్తు మడి చేసి నాటండి. చలికాలంలో ఆకులు రాలితే చచ్చిపోయిందని కంగారుపడి నీళ్లు పోయకండి, అది నిద్రపోతోంది. జీవామృతం ఎండాకాలంలో మాత్రమే, వడకట్టి పది రెట్ల నీళ్లు కలిపి నెలకోసారి ఇస్తున్నా.

ఇంకో మాట. ఇది గన్నేరు కుటుంబం మొక్క, దీని పాలు విషం. ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాలకి పూసేవాళ్లు. కొమ్మలు కత్తిరించేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, పిల్లలకీ మేకలకీ అందకుండా పెట్టండి. ఈ సంగతి చెప్తే కొందరు కొనకుండా వెళ్లిపోతారు. పోనీండి. చెప్పకుండా అమ్మితే, మందు కొట్టిన కూరగాయని సేంద్రియం అని అమ్మేవాడికీ మనకీ తేడా ఏముంది?

ప్రకృతి వ్యవసాయం అంటే దేశీ ఆవు, డ్రమ్ము, బెల్లం మాత్రమే అనుకుంటున్నాం. మొక్క ఎక్కడ పుట్టిందో, దానికేం కావాలో ముందు చూడాలి. కొన్ని మొక్కలకి మనం చేసే పెద్ద సేవ, వాటి జోలికి పోకపోవడమే. ఈ వారం మీ కుండీ మట్టిలో ఒకసారి వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే చెంబు పక్కన పెట్టేయండి.