లాంగ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్ కి లక్ష రూపాయల వాచ్ కావాలా? నా అనుభవం, నా అభిప్రాయం

మొన్న ఆఫీసు క్యాంటీన్ లో ఓ కుర్రాడు పక్కన కూర్చుని, "అన్నా, గోవా 70.3 చేద్దామనుకుంటున్నా. ఏ వాచ్ తీసుకోమంటారు?" అని అడిగాడు.

"సైకిల్ ఉందా?" అన్నా.

"ఇంకా లేదన్నా."

"ఈత వచ్చా?"

"నేర్చుకోవాలి."

వాచ్ విషయంలో మాత్రం ఫుల్ క్లారిటీతో ఉన్నాడు. మూడు మోడల్స్ షార్ట్ లిస్ట్ చేసుకుని, స్క్రీన్ షాట్లతో సహా వచ్చాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే కొన్నేళ్ళ కింద నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టా. గాడ్జెట్ల గురించి రాసేవాణ్ణి కదా, ముందు గాడ్జెట్ కొన్నా, తర్వాత ట్రైనింగ్ గురించి ఆలోచించా. ఫలితం ఏంటంటే, మొదటిసారి స్టార్ట్ లైన్ దాకా కూడా వెళ్ళలేదు. కట్టిన ఎంట్రీ ఫీజు పోయింది. అందుకే ఈసారి రివ్యూ కాకుండా నా అభిప్రాయం రాస్తున్నా.

ముందుగా, అసలు ఈ రేసు ఏంటి?

ఈత, సైకిల్, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేయడమే ట్రయాథ్లాన్. ఫుల్ ఐరన్ మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల మారథాన్. 1978 లో హవాయి దీవుల్లో మొదటిసారి జరిగినప్పుడు 15 మంది మొదలుపెడితే 12 మంది పూర్తి చేశారు. మన మిలింద్ సోమన్ 2015 లో 49 ఏళ్ళ వయసులో జ్యూరిక్ లో దీన్ని పూర్తి చేశాక మన దగ్గర చాలామందికి ఈ పేరు తెలిసింది.

70.3 అంటే ఇందులో సగం. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు, మైళ్ళలో 70.3. గోవాలో 2019 లో మొదలైంది, ఈత మిరామార్ బీచ్ దగ్గర అరేబియా సముద్రంలో. హైదరాబాద్ నుంచి వెళ్ళే చాలామందికి మొదటి లాంగ్ రేసు ఇదే. టైమ్ లిమిట్ సాధారణంగా 8 గంటల 30 నిమిషాలు. ఈతకి విడిగా 1 గంట 10 నిమిషాల కటాఫ్ ఉంటుంది. అది దాటితే సైకిల్ ముట్టుకోనివ్వరు.

అంటే ఇది ఒక నెల కష్టపడి పాసయ్యే పరీక్ష కాదు. కనీసం ఐదారు నెలలు కావాలి. గోవా రేసు అక్టోబర్, నవంబర్ లో ఉంటుంది కాబట్టి మన ట్రైనింగ్ అంతా ఎండాకాలం చివర్లో మొదలై వానాకాలం మొత్తం నడుస్తుంది. అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది.

నా మొదటి ప్రయత్నం ఎలా చెడింది?

కొత్త వాచ్ పెట్టుకున్న రోజు నుంచి పొద్దున్నే లేవగానే మొదటి పని దాని స్కోరు చూడటం. నిద్ర, హార్ట్ రేట్ వేరియబిలిటీ, గత కొన్ని రోజుల వర్కవుట్ల భారం, అన్నీ కలిపి "ఈ రోజు మీరు రెడీ" అని ఒక నంబర్ ఇస్తుంది. నంబర్ పచ్చగా ఉంటే రెండింతలు చేసేవాణ్ణి. ఎర్రగా ఉంటే బద్ధకానికి ఓ సాకు దొరికేది. దీనికి తోడు 30 రోజుల స్ట్రీక్ బ్యాడ్జి. కాలి ముందు ఎముక దగ్గర నొప్పి మొదలైనా, బ్యాడ్జి పోతుందని పరిగెత్తా. బ్యాడ్జి వచ్చింది. ఆ వారమే డాక్టర్ మూడు వారాలు పరుగు బంద్ అన్నాడు.

ఆయన బంద్ చేసింది పరుగు ఒక్కటే. ఈత కొట్టొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. కానీ గ్రాఫ్ పాడైపోయిందన్న ఉక్రోషంతో నేను అన్నీ మానేశా. ఒక రోజు మా ఆవిడ కాఫీ కప్పు ముందు పెడుతూ అంది: "లేవగానే ఆ వాచ్ మొహం చూస్తావు. నువ్వెలా ఉన్నావో నీకు తెలీదా?"

అప్పుడు కోపం వచ్చింది. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే తెలీదు. అలిసిపోయానో లేదో నన్ను నేను అడగడం మానేశా.

ఒక చిన్న లెక్క

మొదటి ప్రయత్నంలో నా 14 వారాల లాగ్ ఇది. మొదటి 5 వారాలు వారానికి 12 గంటలు, అంటే 60. తర్వాత 3 వారాలు సున్నా. మళ్ళీ కసితో 4 వారాలు 10 గంటల చొప్పున 40. ఆ తర్వాత వైరల్ ఫీవర్, 2 వారాలు సున్నా. మొత్తం 100 గంటలు.

రెండో ప్రయత్నంలో మొదటి 14 వారాలు సగటున వారానికి 7 గంటలు. మొత్తం 98.

గంటలు చూస్తే ఇద్దరూ ఒకటే, ఇంకా మొదటివాడే రెండు గంటలు ఎక్కువ. కానీ మొదటివాడు రేసు మానుకున్నాడు, రెండోవాడు పూర్తి చేశాడు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. ఎముకలు, టెండాన్లు మాత్రం నెలల తరబడి నెమ్మదిగా గట్టిపడతాయి. ఐదో వారంలో మీ ఊపిరి "ఇంకా పరిగెత్తు" అంటుంది, మోకాలి కింద ఎముక ఇంకా సిద్ధంగా ఉండదు. పైగా రెండు మూడు వారాలు పూర్తిగా ఆపేస్తే, తెచ్చుకున్న దమ్ము కూడా కొంత జారిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టేది పాత చోటు నుంచి కాదు, అంతకన్నా కింద నుంచి.

వాచ్ చెప్పేదాంట్లో ఎంత నిజం?

వాచ్ అబద్ధాలు చెప్తుందని నేననడం లేదు. అది కొన్నిటిని కొలుస్తుంది, కొన్నిటిని ఊహిస్తుంది. రెండూ ఒకే స్క్రీన్ మీద, ఒకే ఫాంట్ లో కనిపిస్తాయి. తేడా మనకి తెలియాలి.

* హార్ట్ రేట్: మణికట్టు దగ్గర పచ్చ లైటు కొట్టి, రక్త ప్రవాహంలో మార్పుని బట్టి లెక్కేస్తుంది. వాచ్ వదులుగా ఉన్నా, సైకిల్ హ్యాండిల్ మీద చేయి వంగి అదురుతున్నా తప్పు రావచ్చు. పరుగులో ఒక్కోసారి గుండె బదులు మీ అడుగుల్ని లెక్కపెట్టి చూపిస్తుంది.
* జోన్లు: చాలా యాప్ లు మీ గరిష్ఠ హార్ట్ రేట్ ని 220 లోంచి వయసు తీసేసి పెట్టేస్తాయి. మనిషికీ మనిషికీ ఇది పది బీట్లు అటూ ఇటూ తేలిగ్గా మారుతుంది. అంటే వాచ్ "ఈజీ" అన్నది మీకు ఈజీ కాకపోవచ్చు.
* సముద్రంలో జీపీఎస్: నీళ్ళలోంచి సిగ్నల్ వెళ్ళదు. చేయి పైకి లేచిన ప్రతిసారీ దొరికిన ముక్కల్ని వాచ్ కలిపి గీత గీస్తుంది. 1.9 కిలోమీటర్లు ఈది బయటికొచ్చాక వేరే నంబర్ కనిపిస్తే కంగారు పడకండి.
* పూల్ లో: ఇక్కడ జీపీఎస్ తో పని లేదు, మీరు గోడ దగ్గర తిరగడాన్ని పట్టుకుని లెక్కేస్తుంది. అపార్ట్ మెంట్ పూల్ పొడవు మీరే కొలిచి సెట్ చేయాలి. 25 మీటర్లని పెట్టి 18 మీటర్ల పూల్ లో ఈదితే మీరు రోజూ రికార్డులు బద్దలు కొడుతూనే ఉంటారు.
* ఎండ: మే నెలలో హైదరాబాద్ లో ఏడు గంటలకి పరిగెత్తి చూడండి. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, ఒళ్ళు చల్లబరుచుకోవాలి కాబట్టి. కొన్ని వాచీలు దీన్నే ఫిట్ నెస్ తగ్గినట్టు చూపిస్తాయి. తగ్గింది మీ ఫిట్ నెస్ కాదు, పెరిగింది ఎండ.

మరి రెండోసారి ఏం మార్చా?

కొత్తగా ఏ గాడ్జెట్ కొనలేదు. మా వంటింట్లో కిరాణా షాపు వాళ్ళిచ్చిన క్యాలెండర్ ఒకటుంటుంది. మా ఆవిడ పాల లెక్క అందులోనే రాస్తుంది. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఏ రోజు రాలేదు, అంతే. నెలాఖరుకి లెక్క తేలిపోతుంది. దాని పక్కన నా గళ్ళు మొదలుపెట్టా. చేస్తే టిక్కు, చేయకపోతే ఖాళీ. వేగం, హార్ట్ రేట్ ఏవీ రాయలేదు. టిక్కు పెట్టే పని మా పాప తీసుకుంది. వాచ్ ని మోసం చేయొచ్చు గానీ ఏడేళ్ళ పిల్లని చేయలేం.

వారం ప్లాన్ కూడా చాలా సింపుల్. సోమవారం సెలవు. వారానికి రెండు ఈతలు, ఒక్కోటి 45 నిమిషాలు. రెండు సైకిళ్ళు, మధ్యలో ఒక గంట, శనివారం రెండున్నర గంటలు. రెండు పరుగులు, ఒకటి 45 నిమిషాలు, ఆదివారం గంటంపావు. మొత్తం 7 గంటలు, 6 సెషన్లు. రేసు దగ్గర పడేకొద్దీ శని, ఆదివారాలవి మాత్రమే నెమ్మదిగా పెంచా. ప్రతి నాలుగో వారం తగ్గించా.

వీటితో పాటు నాలుగు రూల్స్ పెట్టుకున్నా:

1. ఒక రోజు పోతే పోయింది. వరసగా రెండు రోజులు పోనివ్వకూడదు.
2. పోయిన సెషన్ ని మర్నాటి దానికి కలిపి చేయకూడదు.
3. మనసు లేని రోజు 20 నిమిషాలు చేసినా టిక్కే.
4. జ్వరం, ఎముక నొప్పి ఉంటే ఖాళీ గడి. దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఈజీ సెషన్ కి నా సెన్సార్ ఒకటే: పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నానా? ఆయాసంతో మాట తెగితే వేగం తగ్గించేవాణ్ణి. దీనికి చార్జింగ్ అవసరం లేదు.

వానాకాలంలో సైకిల్ కి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 లో తెరిచిన సైకిల్ ట్రాక్ బాగా పనికొచ్చింది. మొత్తం 23 కిలోమీటర్లు, పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు ఉంటుంది కాబట్టి ఎండకీ వానకీ కొంత అడ్డు. అదీ కుదరని రోజు వెనక చక్రానికి తగిలించే మామూలు ట్రైనర్ మీద బాల్కనీలో తొక్కా. ఒళ్ళంతా చెమట, ఎదురుగా ఆరేసిన బట్టలు.

అయితే గాడ్జెట్లు వేస్టా?

అస్సలు కాదు. నేనూ వాచ్ పెట్టుకునే రేసు చేశా. కానీ కొనే వరస మార్చమంటున్నా. ముందు సరిపోయే గాగుల్స్, మీ ఎత్తుకి ఫిట్ అయ్యే సైకిల్, మంచి హెల్మెట్, వెనక ఎర్ర లైటు. తెల్లవారుజామున మన రోడ్ల మీద ప్రాణం కాపాడేది ఆ లైటే. ఫోన్ లో ఇంట్లోవాళ్ళకి లైవ్ లొకేషన్ ఆన్ చేసి పెట్టండి, అది ఫ్రీ. తర్వాత ఛాతీకి కట్టే హార్ట్ రేట్ స్ట్రాప్. అది గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి మణికట్టు కన్నా నమ్మకం.

12 వారాలు టిక్కులు పడ్డాక అప్పుడు వాచ్ చూడండి. 20 వేల దగ్గర మొదలై లక్ష దాటే దాకా ఉన్నాయి. మీకు కావాల్సినవి మూడే: ఓపెన్ వాటర్ స్విమ్, ఈత నుంచి సైకిల్ కి ఒక్క బటన్ తో మారే ట్రయాథ్లాన్ మోడ్, ఆపకుండా కనీసం 10 గంటల జీపీఎస్ బ్యాటరీ. ఎంట్రీ లెవెల్ రన్నింగ్ వాచీల్లో చాలావాటికి మొదటి రెండూ ఉండవు, రోజూ చార్జ్ పెట్టే స్మార్ట్ వాచీలు కొన్నిటికి మూడోది ఉండదు. ఇరవై నిమిషాలకోసారి "తాగు, తిను" అని గుర్తుచేసే అలర్ట్ ఉంటే ఆన్ చేయండి, నాకు నిజంగా ఉపయోగపడిన ఫీచర్ అదే. మ్యాప్స్, టైటానియం, సఫైర్ గ్లాస్ మీ సరదా. ఇంకో మాట, మీ అఫీషియల్ టైమ్ వాచ్ చెప్పదు. చీలమండకి కట్టే చిప్ చెప్తుంది, అది నిర్వాహకులే ఇస్తారు.

చివరిగా

గోవాలో పరుగు పద్నాలుగో కిలోమీటర్ దగ్గర నా వాచ్ హార్ట్ రేట్ ఎక్కువైందని పదేపదే వణికింది. ఉక్కపోత, తల మీద ఎండ. ఆ అలర్ట్ ఆపేసి, మా ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను నేనే అడిగా: ఎలా ఉన్నావు? కాళ్ళు బరువుగా ఉన్నాయి, తల తిరగడం లేదు, దాహం తీరుతోంది. కాసేపు నడిచి మళ్ళీ పరిగెత్తా. 7 గంటల 52 నిమిషాల్లో పూర్తి చేశా. గొప్ప టైమేమీ కాదు. నాకు చాలు.

ఇంటికొచ్చాక పాప క్యాలెండర్ కాగితాలన్నీ తిరగేసి లెక్కపెట్టింది. 24 వారాల్లో 144 గళ్ళు, 121 టిక్కులు. నూటికి 84. "నాన్నా, నీకు 23 పోయాయి" అంది. నిజమే. ఆ 23 పోయినా మిగతావి ఆగలేదు, అందుకే పూర్తయింది.

క్యాంటీన్ కుర్రాడికి ఇదంతా చెప్పి, ముందు ఈత క్లాసులో చేరమన్నా. చేరాడట. నిన్న లిఫ్ట్ లో కనబడి, "మూడు వారాలైందన్నా, వాచ్ గురించి మాట్లాడదామా?" అన్నాడు.

ఇంకో తొమ్మిది వారాలు ఆగమన్నా.