మంట మనది, ప్రొటీన్ పరాయిది

తేజ మిరపకాయ కొరికితే నోరు భగ్గుమనడానికి కారణం కాప్సైసిన్. అది నాడీకణంలో ఏ ప్రొటీన్‌ను తట్టి లేపుతుందో 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించేదీ ఆ ప్రొటీనే. అందుకే మిరప ఘాటును శరీరం మంటగానే లెక్కగడుతుంది. జూలియస్‌కు 2021లో నోబెల్ దక్కింది. గుంటూరు యార్డులో మాత్రం మిర్చి లెక్క ఇంకా టిక్కీల (బస్తాల) దగ్గరే ఉంది.

నొప్పి మీద ఇలాంటి పరిశోధనకు నాడీకణాలను ల్యాబులో పెంచాలి. అందుకు సాధారణంగా నాడీ వృద్ధి కారకమనే సంకేత ప్రొటీన్ కలుపుతారు. మనిషి జన్యువును బ్యాక్టీరియాలోనో ఈస్టులోనో చొప్పించి, ఫెర్మెంటర్‌లో పెంచి, శుద్ధి చేసి ఇలాంటి ప్రొటీన్లు తీస్తారు. అమ్మకం మైక్రోగ్రాముల్లో. సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటుంది. మన విశ్వవిద్యాలయాలు వీటిని ఎక్కువగా విదేశీ కంపెనీల నుంచే తెప్పించుకుంటున్నాయి.

పరాయి చేతిలోని జన్యువిద్యకు ఎంత చెల్లించాల్సి వస్తుందో గుంటూరు, ప్రకాశం పత్తి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర పదహారు వందల రూపాయలు దాటింది. అందులో సింహభాగం రాయల్టీయే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎమ్మార్టీపీసీ గడప తొక్కాకే ప్యాకెట్ ధర 750కి దిగింది. ల్యాబు ప్రొటీన్ల ధర గురించి అలా కొట్లాడేవారెవరు? రైతుల్లా రోడ్డెక్కే సంఖ్యాబలం పరిశోధక విద్యార్థులకు లేదాయె.

ఇలాంటి ప్రొటీన్లు ఇక్కడే తయారుచేయడం మనకు చేతకాక కాదు. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే హైదరాబాద్‌లో పునఃసంయోజక (జన్యువు చొప్పించి తీసే) హెపటైటిస్-బి టీకా తెచ్చింది. తర్వాత కొన్నేళ్లకే ఇంటర్ఫెరాన్ ఆల్ఫా తయారుచేసింది. వైరస్ సోకిన కణం పొరుగు కణాలను హెచ్చరించడానికి విడిచే సంకేత ప్రొటీన్ల కుటుంబానిదే అది.

అయితే చవగ్గా చేస్తే చాలదు. బ్యాక్టీరియాలో తీసిన ప్రొటీన్‌లో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం మిగిలితే రోగనిరోధక కణాలు దానికే రెచ్చిపోతాయి. పరిశోధకుడు అది ప్రొటీన్ ప్రభావమనుకుంటాడు. నకిలీ విత్తనం సంగతి కాపు సమయానికి గానీ బయటపడనట్టే, ఇక్కడా మోసం తెలిసేసరికి కాలమూ డబ్బూ పోతాయి. కాబట్టి శుద్ధితోపాటు కణాల మీద పనితీరు పరీక్ష కూడా తప్పనిసరి. నా దృష్టిలో ఖర్చుపెట్టాల్సింది ముందుగా ఆ పరీక్షల మీదే.

లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం, నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం, మంగళగిరిలో ఎయిమ్స్. మూడూ గుంటూరు పరిసరాల్లోనే ఉన్నాయి. పేటెంటు గడువు తీరిన పాత ప్రొటీన్లతో మొదలుపెట్టి, ఈ మూడింటికీ ఉమ్మడిగా ఒక తయారీ, పరీక్షా కేంద్రాన్ని రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పాలి. ప్రతి బ్యాచ్ పరీక్షా ఫలితాన్నీ అందరికీ కనిపించేలా ప్రకటించాలి.