చిల్లర యంగడి నిలుచునా?

కావలసిన వస్తువును ఫోనులో చూచి, ధర పోల్చి, ఇంటికే తెప్పించుకొనుట నేడు పట్టణములలోనేగాక పల్లెలలోను వాడుకయైనది. 2007లో బెంగుళూరున పుస్తకముల విక్రయముతో ఆరంభమైన ఫ్లిప్‌కార్టులో నూటికి 77 పాళ్లను 2018లో అమెరికా దేశపు వాల్‌మార్టు 1,600 కోట్ల డాలర్లకు కొనెను. అమెజాను 2013లోనే మన దేశమున ఆన్‌లైను అంగడి తెరచియుండెను. ఇంతటి ధనబలము నెదుట వీధిమూలనున్న కిరాణాకొట్టు నిలుచునా యని పలువు రడుగుచున్నారు.

ధరలో పోటీపడి చిన్న వర్తకుడు గెలువజాలడని మొదటనే యొప్పుకొనవలెను. పెద్ద సంస్థ యేండ్లతరబడి నష్టము భరింపగలదు. చిన్నవాడు రెండు మాసములు నష్టపడినచో అద్దె చెల్లింపలేడు. ఆ సంస్థల ద్వారానే తన సరకు నమ్మబూనినచో కమీషను, రవాణా, తిరిగివచ్చిన సరకుల ఖర్చు లాభమును మ్రింగివేయును. పైగా ఏ వస్తువు ముందు కనబడవలెనో నిర్ణయించువారు వారే. సంత నడపువాడు తనవానికే ముందువరుస యిచ్చిన, తక్కినవారి గతి యేమి? కావుననే విదేశీ పెట్టుబడిగల ఆన్‌లైను సంతలు తమకు వాటాగల సంస్థల సరకును తమయొద్ద నమ్మింపరాదను నిబంధన 2019 ఫిబ్రవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషను ఈ రెండు సంస్థలపై విచారణకు ఆదేశించెను. చట్టము న్యాయముగా నమలుజరుగనిచో చిన్నవాని శ్రమ వ్యర్థము.

అయినను చట్టమొక్కటియే చాలదు. చిన్న వర్తకుడు తన బలమెఱిగి మెలగవలెను. జీతము రాకమునుపే ఖాతాలో వ్రాసికొని బియ్యమిచ్చువాడు అతడు. రాత్రివేళ దీపమారినచో బల్బు నిచ్చువాడు అతడు. సరియైన తూకము, స్పష్టమైన ధర, చెడిన వస్తువును మారుమాట లేక మార్చుట అతడు నేర్వవలసినవి. పదిమంది వర్తకులు కూడి సరకు టోకున తెప్పించిన కొంత ధర తగ్గును. 2022లో ప్రయోగరూపమున మొదలైన ఓఎన్‌డీసీ వలన, ఒకే సంస్థ గుమ్మమున నిలువక పలు యాపులలో తన సరకు చూపవచ్చును.

ఇక కొనువారి ధర్మము. పేదతల్లి పది రూపాయలు మిగుల్చుకొనుటకై ఫోనులో కొనుట తప్పుగాదు. కాని అంగడిలో అరగంట కూర్చుండి, పది జతల చెప్పులు తొడిగి చూచి, కొలత తెలిసికొని, ఇంటికేగి వానినే ఫోనులో కొనుట పరుల శ్రమను ఉచితముగా వాడుకొనుటయే. అంగడివాని సలహా కావలెనన్నచో వాని సరకును కొనవలెను.

బాలబాలికలారా, ఈ మాసాంతమున తల్లిదండ్రులతో కూర్చుండి పది వస్తువుల ధరలు రెండుచోట్లను పోల్చి వ్రాయుడు. డెలివరీ ఖర్చును, అక్కఱలేకున్నను కొన్న వానిని గూడ లెక్కలో చేర్పుడు. పిదప ఏది యెచ్చట కొనవలెనో మీరే నిర్ణయింపుడు.