స్థావరమైన హిమాలయము, స్థిరము కాని హిమము

విభూతియోగములో భగవానుడు స్థావరములలో తాను హిమాలయమునని చెప్పాడు. హిమమునకు ఆలయము కనుక అది హిమాలయము. ఆ ఆలయములో హిమమే క్షీణిస్తున్నదని ఎవరైనా ప్రస్తావిస్తే, “జగత్తంతా అనిత్యమే కదా” అనే సమాధానము సత్సంగములలో తరచుగా వినబడుతున్నది. నాకది వేదాంతముగా తోచదు. వేదాంతపు ముసుగు వేసుకున్న తమస్సుగా తోస్తున్నది.

ఒక్క శీతకాలములో మంచు తగ్గినంత మాత్రమున ఏదీ సిద్ధము కాదు. హిమాలయమునకు ఆ కాలపు మంచును అధికముగా తెచ్చేవి మధ్యధరా సముద్రము వైపు నుండి వచ్చే వాయు విక్షోభములు. అవి ఒక ఏడు బలముగా, ఒక ఏడు బలహీనముగా ఉంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు 30 సంవత్సరముల సగటును చూసి శీతోష్ణస్థితిని నిర్ణయిస్తారు. ఉష్ణోగ్రత పెరిగితే దిగువ సానువులలో మంచుగా పడవలసినది వానగా పడుతుంది. పడిన మంచు ముందుగానే కరుగుతుంది. నూతన హిమము సూర్యకాంతిలో 80 శాతమునకు పైగా తిరిగి పంపుతుంది. వాహనముల పొగ, దావాగ్ని, పొలములలో కాల్చిన గడ్డి – వీటి మసి పేరుకుంటే ఆ కాంతినే మింగి వేడెక్కుతుంది.

ఖాట్మండులోని ఐసీమోడ్ సంస్థ 2025 నివేదిక ప్రకారము, ఆ శీతకాలమున హిందూకుష్ హిమాలయ ప్రాంతములో మంచు నేలపై నిలిచి ఉండుట సాధారణము కంటె 23.6 శాతము తగ్గింది. 23 ఏళ్ళలో అదే కనిష్ఠము. వరుసగా మూడవ లోటు సంవత్సరము కూడా.

గంగలో అధికభాగము వర్షజలమే గనుక, మంచు తగ్గగానే గంగ ఎండిపోతుందని భయపెట్టుట అతిశయోక్తి. కాని వానలకు ముందు, చైత్ర వైశాఖములలో, కొండ ప్రాంతపు ప్రవాహములకు ఆ మంచే ఆధారము. అక్కడి గ్రామస్థుని దాహము మిథ్య అని ఎవరు చెప్పగలరు? అలా చెప్పేవాడు కూడా కేదారములో వేడినీళ్ళు అడుగుతాడు!

అనిత్యత్వబోధ నా మమకారమును సడలించుటకు. పరుల బాధను ఉపేక్షించుటకు కాదు. జనకుడు జ్ఞాని అయి కూడా లోకసంగ్రహమును విడువలేదు.

గౌరీకుండము నుండి కేదారమునకు నడకదారి ఉన్నది. వృద్ధుల, రోగుల మాట వేరు. శక్తి ఉండి కూడా హెలికాప్టరులో దిగి, దర్శనము చేసుకొని, మధ్యాహ్నమునకే తిరిగివచ్చుటను నేను తీర్థయాత్ర అనలేను. ఒక్కరు మానినంతనే మంచు తిరిగి రాదు, నిజమే. యాత్రకు సిద్ధమవుతున్న మిత్రులు టిక్కెట్టు కొనేముందు, ఆ దారిలో నడవగలమా అని ఒక్కసారి తమ కాళ్ళను అడిగి చూడండి.