ముక్కు మనది, కొలబద్ద ఎవరిది?

ముక్కు మీద చెప్పిన ఒక్క పద్యంతో నంది తిమ్మనకు 'ముక్కు తిమ్మన' అన్న పేరొచ్చిందని చెప్పుకునే భాష మనది. ఆడదాని ముక్కును కొలవడం మనకు కొత్త కాదు. కోటేరు ముక్కయితే అందగత్తె, చప్పిడి ముక్కయితే కట్నం ఇంకాస్త. కొత్తగా వచ్చిందల్లా ఆ కొలతకు అందని ముక్కును కోసి సరిచేస్తామనే వ్యాపారమే. 'నీ శరీరం నీ ఇష్టం', 'ఆత్మవిశ్వాసం' అంటూ అది మన మాటలతోనే మనల్ని పిలుస్తోంది. ఏళ్ళ తరబడి పోరాడి తెచ్చుకున్న మాటలు క్లినిక్కు బోర్డుల మీదకెక్కాయి.

దీనికి మనమిచ్చే జవాబు కూడా నాకు మింగుడుపడటం లేదు. 'సౌందర్య పరిశ్రమ వలలో పడకండి' అని కరపత్రం వేసి చేతులు దులుపుకుంటున్నాం. ఆపరేషనుకు సిద్ధపడ్డ అమ్మాయిని పైమెరుగుల పిచ్చిదని తీసిపారేస్తున్నాం. పెళ్ళిచూపుల్లో మళ్ళీ మళ్ళీ 'ముక్కు బాగాలేదు' అనిపించుకున్న అమ్మాయికి పితృస్వామ్యం గురించి మన పాఠం అవసరమా? క్లినిక్కు చెప్పని నిజాలు ఆమెకు ఎవరు చెబుతారన్నదే నా ప్రశ్న.

ఈ కొలబద్ద ఎక్కడిదో ముందు చూద్దాం. 1901 జనాభా లెక్కల కమిషనరు హెర్బర్ట్ రిస్లీ మనుషుల ముక్కుల వెడల్పూ పొడవూ కొలిపించి, ముక్కు ఎంత సన్ననైతే కులం అంత ఎక్కువన్నాడు. 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ అనే డాక్టరు ఏ జబ్బూ లేని ముక్కును చిన్నది చేసే ఆపరేషను మొదలుపెట్టాడు. యూదులను ద్వేషించే ఆ సమాజంలో యూదులుగా గుర్తుపడతారేమోనన్న భయంతో ఎందరో ఆయన దగ్గరికెళ్ళారు. వంకర చూసే కళ్ళలో ఉంది, కత్తి మాత్రం ముక్కు మీద పడింది. ప్రమాదంలోనో యాసిడ్ దాడిలోనో పోయిన ముక్కును తిరిగి కట్టే వైద్యం వేరు, దాన్ని నేను ప్రశ్నించడం లేదు. బాగున్న ముక్కును 'బాగాలేదు' అని ఒప్పించడం గురించే నా గొడవ.

ఇక ఆపరేషను సంగతి. సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు. ముక్కు లోపల్నుంచి గానీ, ముక్కుపుటాల మధ్య చిన్న కోత పెట్టి గానీ చర్మం పైకెత్తుతారు. మృదులాస్థిని కోస్తారు. చాలాసార్లు ఎముకను విరిచి జరుపుతారు. చప్పిడి ముక్కును ఎత్తు చెయ్యాలంటే చెవి నుంచో పక్కటెముక నుంచో మృదులాస్థి తీసి పెడతారు, లేదా సిలికాన్ ముక్క పెడతారు. సిలికాన్ పక్కకు జరగొచ్చు, చీము పట్టొచ్చు, చర్మం చీల్చుకుని బయటికి రావచ్చు. వారం రోజులు ముక్కు మీద కట్టు ఉంటుంది. కళ్ళ చుట్టూ కమిలిన నలుపు పోవడానికి రెండు వారాలు పడుతుంది. కొన్ని వారాలపాటు కళ్ళజోడు ముక్కు మీద ఆనకూడదు. ముక్కు కొన దగ్గర వాపు పూర్తిగా తియ్యడానికి ఏడాది, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. వచ్చే నెల పెళ్ళిచూపులని కోయించుకున్న అమ్మాయి ఆ రోజు చూపించేది వాచిన ముక్కునే. చర్మం మందంగా ఉంటే లోపల చేసిన మార్పు పైకి అంతగా తేలదు.

గాలి సరిగా ఆడకపోవచ్చు, మొద్దుబారొచ్చు, లోపలి గోడకు రంధ్రం పడొచ్చు. నూటికి అయిదు నుంచి పదిహేను మందికి మళ్ళీ ఆపరేషను అవసరమవుతుందన్నది వైద్యులు మామూలుగా చెప్పే లెక్క. దానికీ సాధారణంగా ఏడాది ఆగాలి. ముక్కులో పెరిగిన కండ తీసేటప్పుడు పొరపాటున దూలం దెబ్బతిని, సరిచేయడానికి మళ్ళీ ఆపరేషన్లు చేయించుకోవలసి వచ్చిందని ప్రియాంకా చోప్రా 2021లో వెలువడిన తన ఆత్మకథలో రాసింది. అది అందం కోసం చేసిన ఆపరేషను కూడా కాదు. ప్రపంచ సుందరికే తప్పనిది మన పిల్లలకు తప్పుతుందా?

చట్టం మన పక్కన ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. చికిత్స ఏమిటో, ప్రమాదాలేమిటో, వేరే మార్గాలేమిటో తగినంతగా చెప్పి తీసుకున్నదే అంగీకారమని 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఆపరేషను బల్ల దగ్గర ఇంగ్లీషు కాగితం మీద పెట్టించుకునే సంతకం ఆ అంగీకారం ఎలా అవుతుంది?

కాబట్టి మన సహాయ కేంద్రాల్లో పనిచేసే కార్యకర్తలు ఈ ప్రశ్నలు అడగటం నేర్పాలి. కోసేది ఎవరు, ఏం చదివారు? మత్తు ఇచ్చేది ఎవరు? చెడితే రెండో ఆపరేషను ఖర్చు ఎవరిది? అందం కోసం చేసేదానికి ఆరోగ్య బీమా మామూలుగా రాదని చెప్పారా? అంగీకార పత్రం తెలుగులో, కొన్ని రోజుల ముందే చేతికిచ్చారా? ఆమె ఫోటోలు ప్రకటనలకు వాడబోమని రాసిచ్చారా? అత్తగారూ తల్లీ పక్కన లేకుండా ఆమెతో ఒంటరిగా మాట్లాడారా?

ఇవన్నీ తెలిశాక కూడా చేయించుకుంటానంటే అది ఆమె నిర్ణయం. అప్పుడూ ఆమె మన మనిషే. ఈ ప్రశ్నల్ని ఒక కాగితం మీద అచ్చువేసి కాలేజీల్లో, హాస్టళ్ళలో పంచే పని వచ్చే సమావేశంలోనే మొదలుపెడదాం.